గడ్డం తొండల కాపురం

బల్లి మీద పడితే తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, కుడి భుజానికి ఏం ఫలమో ఎడమ భుజానికి ఏం ఫలమో పంచాంగంలో వెతుక్కునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. కంచి వెళ్ళినప్పుడు వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకి వచ్చాను కనక, ఇక ఏ బల్లి పడ్డా నాకు దోషం లేదని ధైర్యంగా తిరుగుతున్నాను. అటువంటి నా ఒళ్ళో మూరెడు పొడుగు తొండను తెచ్చి పడుకోబెడితే, దానికి ఏ పంచాంగంలో ఫలం చూసుకోమంటారు చెప్పండి?

నవ్వకండి. ఇది 2022 వేసవిలో సంగతి. మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో డల్లాసు దగ్గర ఉంటారు. మావారు పోయాక కాకినాడలో ఒక్కదాన్నీ ఉంటున్నానని, ఆర్నెల్లు ఉండి వెళ్ళమని టిక్కెట్టు పంపించారు. ఆవకాయ జాడీ పగలకుండా చేరిందన్న సంతోషంతో గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, పన్నెండేళ్ళ మనవడు "అమ్మమ్మా, కళ్ళు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. ఒళ్ళో ఏదో గరుకుగా, వెచ్చగా తగిలింది. కళ్ళు తెరిచాను. తరవాత నేను వేసిన కేక పక్కింటివాళ్ళకి కూడా వినపడిందిట.

దాన్ని బియర్డెడ్ డ్రాగన్ అంటారుట. గవద కింద ముళ్ళముళ్ళుగా ఉన్న చర్మాన్ని కోపం వచ్చినప్పుడు ఉబ్బించి నల్లగా చేస్తుంది. అదీ దాని గడ్డం. నా కంటికి మాత్రం మన దొడ్లో కంచె మీద తలాడించే తొండే. కాకపోతే బాగా బలిసిన తొండ. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని మన సామెత. ఇది ఇంకాస్త ముదిరి అమెరికా చేరిందన్నమాట.

అసలు దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ లోపలి ఎండు ప్రాంతాల్లో రాళ్ళ మీదా, మొద్దుల మీదా, కంచె గుంజల మీదా ఎండ కాచుకుంటూ బతుకుతుంది. అడివిలోవాటిని పట్టి పై దేశాలకు అమ్మటం ఆ దేశంవాళ్ళు ఎప్పుడో మాన్పించేశారు. ఇప్పుడు అమెరికా దుకాణాల్లో దొరికేవన్నీ అక్కడే పుట్టి పెరిగినవి, మా మనవల్లాగే. పదేళ్ళ పైన బతుకుతుందని చెప్పినప్పుడు, పిల్లాడు పెళ్ళీడుకొచ్చేదాకా ఇది ఇంట్లోనే ఉంటుందని లెక్క వేసుకుని గుండెలు బాదుకున్నాను.

దాని వైభోగం చెప్పొద్దూ! మూడడుగుల అద్దాల పెట్టె. అందులో ఒక కొసన నల్లరాయి, దాని మీద వేడి దీపం. ఆ రాయి మీద నూటయిదు డిగ్రీల ఫారెన్‌హీటు దాకా ఉండాలి. మన రెంటచింతల ఎండన్నమాట. రెండో కొస ఎనభైకి అటూ ఇటూగా చల్లగా ఉండాలి. వేడి ఎక్కువైతే ఇటు, చాలకపోతే అటు, అది తిరుగుతూ ఉంటుంది. వేడి దీపం చాలదని ఇంకో గొట్టం దీపం. దాంట్లోంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి. అవి లేకపోతే ఒంట్లో డి విటమిను తయారవక, తిన్న సున్నం ఒంటికి పట్టక, ఎముకలు మెత్తబడిపోతాయి. మన చంటిపిల్లల్ని పొద్దుటెండలో పడుకోబెట్టమంటారు చూశారా, అలాంటిదే. ఆ గొట్టం వెలుగుతూనే ఉన్నా అందులో సత్తువ అయిపోతుందని, ఏడాది తిరక్కుండా మార్చెయ్యాలిట.

ఇక తిండి. పొద్దున్నే మా అల్లుడుగారు ఫ్రిజ్జు పక్కనుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీస్తే అందులో కీచురాళ్ళు! ఇంకో డబ్బాలో బొద్దింకలు! ఇంట్లో బొద్దింక కనిపిస్తే చీపురు పుచ్చుకుని వెంటపడ్డ చేతుల్తో నేను, డాలర్లు పోసి బొద్దింకలు కొనటం కళ్ళారా చూశాను. వాటికి తెల్లటి కాల్షియం పొడి, విభూతి పులిమినట్టు పులిమి మరీ వెయ్యాలి. దాని రెండు కళ్ళ మధ్య ఎంత ఎడముంటుందో అంతకన్న పెద్ద పురుగు వెయ్యకూడదు. పెరట్లో మిణుగురు పురుగు కనిపించినా తేకూడదు, ఒక్కటి తిన్నా ప్రాణం పోతుంది. నాకు తెలీక ఒకరోజు లేత పాలకూర తరిగి పెట్టబోతే, "వద్దమ్మా, దానికి సున్నం అందనివ్వదు పాలకూర" అని మా అమ్మాయి లాక్కుంది. నా కూతురు ఏడేళ్ళ వయసులో పాలకూర తినకపోతే నేను వీపు మీద ఒకటి వేసినమాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నాకు ముచ్చటేసింది. వాటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవులుంటాయని, దాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఇంట్లో ఎవరూ దేన్నీ తాకకూడదు. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. "చూశావా, మడి అంటే నవ్వేదానివి, ఇప్పుడు తొండ దగ్గర నేర్చుకున్నావు" అన్నాను మా అమ్మాయితో.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇకమీద జరిగిన దాంట్లో తప్పు నాది. చెప్పకపోతే తోచదు కనక చెబుతున్నాను.

రోజంతా అందరూ ఆఫీసులకీ, ఆటల శిబిరాలకీ పోయాక ఇంట్లో నేనూ ఆ తొండా మిగిలేవాళ్ళం. నేను సోఫాలో, అది రాయి మీద. కళ్ళు మూసుకుని గంటలకొద్దీ అలా ఉండేది. నా కడుపు తరుక్కుపోయింది. పాపం, పలకరించేవాళ్ళు లేరు, ఒంటి కాయ సొంటి కొమ్ములా ఒక్కతే ఎలా ఉంటుంది అనుకున్నాను. (అది ఆడదని అప్పటికి తెలిసింది లెండి.) నా పరిస్థితి దానికి అంటగట్టానని ఇప్పుడు తెలుస్తోంది. ఆ మాట అప్పుడెవరన్నా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. దానికితోడు మనవరాలు, అన్నకి ఉంది నాకు లేదని రోజూ రాగాలు. "దానికో తోడు తెచ్చిపెట్టండి, పిల్ల పేచీ కూడా తీరుతుంది" అని అల్లుడుగారికి నేనే సిఫార్సు చేశాను. ఆయన మొహమాటస్తుడు. అత్తగారి మాట కాదనలేక దుకాణానికి వెళ్ళారు. అక్కడ కుర్రాడు, "రెండూ ఆడవే అయితే ఫరవాలేదు, కలిసి ఉంటాయి" అన్నాడుట.

"ఆడవేగా, సర్దుకుపోతాయి" అని నేనూ వంతపాడాను. ఈ మాట నా నోటినుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

కొత్తది జానెడుంది. పిల్లలు ఏవో ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నారు గానీ నాకు నోరు తిరక్క పెద్దది, చిన్నది అనేదాన్ని. తెచ్చిన రోజే పెట్టెలో పెట్టేశాం. పెద్దది గవద నల్లగా చేసి, తల గబగబా నాలుగుసార్లు కిందికీ పైకీ ఊపింది. "రా రమ్మంటోంది" అని నేను వ్యాఖ్యానం. చిన్నది ముందు కాలు ఒకటి ఎత్తి, గాలిలో గుండ్రంగా మెల్లిగా తిప్పింది. అచ్చం చెయ్యి ఊపినట్టే! పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత రోజుకి పదిసార్లు ఊపేది. నేను కూడా వెళ్ళినప్పుడల్లా "ఏమ్మా, బాగున్నావా" అని చెయ్యి ఊపేదాన్ని.

నాలుగోరోజో అయిదోరోజో చూద్దుం కదా, పెద్దది చిన్నదాని వీపు మీద బోర్లా పడుకుని ఉంది. రాయి మీద, దీపం కింద, ఒకదాని మీద ఒకటి. ఎంత ముద్దొచ్చిందంటే, మా అమ్మాయి ఫోటో తీసి మా చుట్టాలందరి వాట్సాపుకీ పంపింది. "అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి" అని వైజాగునుంచి మా తోటికోడలు రాసింది. నేను మురిసిపోయాను.

నెల తిరిగేసరికి చిన్నది చల్లటి కొసని ఒక మూల చేరి కదలటం మానేసింది. కీచురాయి ఎదురుగా గంతులేస్తున్నా చూసి ఊరుకునేది. రంగు వెలిసిన చీరలా అయిపోయింది. "దీనికి వయ్యారం ఎక్కువ, పెద్దది చూడు, ఏది పెడితే అది తింటుంది" అన్నాను నేను. ఒకరోజు పొద్దున్న మనవరాలు గుక్కపట్టి ఏడుస్తూ వచ్చింది. చిన్నదాని తోక కొస అరంగుళం లేదు. వెనక కాలి వేలు ఒకటి కూడా రక్తం ఓడుతోంది.

"ఏడవకమ్మా, బల్లి తోకేగా, మళ్ళీ మొలుస్తుంది" అన్నాను.

ఇటువంటి జంతువుల్ని చూసే డాక్టరు వేరుట. నలభై మైళ్ళు పోయాం. అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. తూకం వేసింది. వారం వారం పెరగవలసిన వయసులో, తెచ్చినప్పటికన్న నాలుగు గ్రాములు తగ్గింది. తోక మొలవదని చెప్పింది. మన గోడ మీద బల్లిలాగా కాదు, వీటికి పోయింది పోయినట్టే. మేము మా ఫోటో కూడా చూపించాం, వీళ్ళకి పోట్లాటలేం లేవండీ, ఎంత ప్రేమగా ఉంటాయో చూడండి అని. ఆవిడ ఆ ఫోటో చూసి నవ్వలేదు.

"పెద్దది దాన్ని కావలించుకోలేదు. ఎండకి అడ్డం కూర్చుంది" అంది.

మా అమ్మాయి ఒక్కొక్క మాటా నాకు తెలుగులో చెబుతూ ఉంటే విన్నాను. ఇవి గుంపుగా బతికే జాతి కావు. దేని చోటు దానిది. అడివిలో రెండు ఎదురుపడితే బలంలేనిది పారిపోతుంది, దానికి బోలెడంత చోటుంది. అద్దాల పెట్టెలో ఎక్కడికి పోతుంది? ఎత్తయిన చోటా, వెలుగున్న చోటా గెలిచినదానివి. తల ఊపటం, గడ్డం నల్లచెయ్యటం "ఇది నా చోటు" అనటం. చెయ్యి ఊపటం టాటా కాదు. "నేను లొంగే ఉన్నాను, నన్నేం చెయ్యకు" అనటం. వాటి నడినెత్తిన వెలుగూ నీడా తెలిసే మూడో కన్నులాంటిది ఉంది, పైనుంచి నీడ పడితే గద్ద వచ్చిందన్నంత బెదురు. అటువంటిదాని మీద రోజూ ఇంకొకటి ఎక్కి పడుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమంది. మగవి రెండుంటే కొట్టుకుని చస్తాయి, అందరికీ తెలుస్తుంది. ఆడవాటి సంగతి అలా కాదు. చప్పుడుండదు. ఒకటి చిక్కిపోతుంది, అంతే.

"మరి తిండి సమానంగానే పెడుతున్నాంగా, ఎందుకు తినదూ?" అని అడిగించాను నేను.

దానికావిడ చెప్పిన జవాబు నేను మరిచిపోలేకపోతున్నాను. వీటికి ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు. దీపం కింద కూర్చుని వేడెక్కితేనే తిన్నది అరుగుతుంది. అరగదని తెలిస్తే ఆకలేసినా ముట్టుకోదు. గిన్నెలు రెండు పెట్టారు గానీ దీపం ఒక్కటే పెట్టారు కదా అంది.

కారులో అల్లుడుగారు, మధ్యలో అద్దం పలక అడ్డం పెడితే చాలదా అన్నారు. చాలదుట. ఎదురుగా పెద్దది కనపడుతున్నంతసేపూ చిన్నదాని బెదురు తీరదు. వేరే పెట్టె, వేరే దీపాలు, వీలైతే వేరే గది. పెద్దయ్యాక ఒక్కొక్కదానికి నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు పెట్టె ఉండాలి. అసలు కొత్తదాన్ని తెచ్చినప్పుడే ఏదన్నా రోగముంటే బయటపడేదాకా నెలా రెండు నెలలు విడిగా ఉంచాలిట, ఆ చీవాట్లు కూడా తిన్నాం. "అది ఒంటరిగా ఉంటే దిగులుపడదా?" అని మనవరాలు డాక్టరమ్మని అడిగింది. దిగులు నీకు, దానికి కాదు అని ఆవిడ నవ్వుతూ చెప్పిందిట. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో వేరే గది అంటే నా గదే. "అత్తయ్యగారూ, మీకు ఇబ్బంది" అని ఆయన నసుగుతుంటే, "నాకేం ఇబ్బంది లేదు, పెట్టించండి" అన్నాను. కీచురాళ్ళ డబ్బాతో సహా నా మంచం పక్కకి వచ్చేసింది. రాత్రి దీపాలు ఆర్పేస్తే కీచురాళ్ళు మొదలుపెట్టేవి, చిన్నప్పుడు మా ఊళ్ళో చెరువుగట్టు మీద పడుకున్నట్టుండేది. నిద్ర పట్టేది కాదు. కీచురాళ్ళ వల్ల మాత్రమే కాదు.

కాకినాడలో మా అత్తవారిది నాలుగు గదుల పెంకుటిల్లు. 1971లో నేను పెద్దకోడలుగా వెళ్ళాను. 1977లో మా మరిదికి పెళ్ళయి తోటికోడలు వచ్చింది. నా కంటే ఆరేళ్ళు చిన్న. ఏం చెప్పినా "అలాగే అక్కయ్యా" అనేది. పొద్దున్నే పొయ్యి దగ్గర పీట నాది. మొదటి డికాక్షను నాకూ, ఇంట్లో పెద్దవాళ్ళకీ. దానికి రెండోది. ఉన్న ఒక్క ఫ్యాను మా గదిలో. "చిన్నవాళ్ళేగా" అని వాళ్ళ మంచం వసారాలో. భోజనాలప్పుడు నాకు వడ్డించి, నేను లేచాక తినేది. నేను చెప్పలేదు, అదే అలా చేసేది. నేను కూర్చోమననూ లేదు. తిట్టుకోవటాలు, కొట్టుకోవటాలు ఏనాడూ లేవు. వీధిలో అందరూ తోటికోడళ్ళంటే వీళ్ళనేవారు. ఏడాది తిరిగేసరికి పిల్ల పుల్లలా అయిపోతే మామగారు డాక్టరుకి చూపించారు, టానిక్కు రాశాడు. 1981లో మా మరిది అడిగి మరీ వైజాగు బదిలీ చేయించుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఇల్లు విడగొట్టింది మహాతల్లి అని నేను చుట్టాలందరి దగ్గరా అన్నాను. ఒకసారి కాదు. నలభై ఏళ్ళపాటు ఏ పెళ్ళిలో కలిసినా ఎవరో ఒకరితో అన్నాను. తనతో మాత్రం బాగానే ఉండేదాన్ని.

పదిరోజులకి చిన్నది తన రాయి ఎక్కింది. మరో నాలుగు రోజులకి ఒక కీచురాయిని గబుక్కున పట్టుకుంది. ఆ రాత్రి, అంటే ఇక్కడ పొద్దున్న, తోటికోడలికి ఫోను చేశాను. తొండల కథంతా చెబితే పగలబడి నవ్వింది. నవ్వు అయ్యాక అడిగాను, "ఆ రోజుల్లో నువ్వు సరిగా తినేదానివి కాదు కదూ. ఆకలేసేది కాదా నీకు?"

కాసేపు మాట లేదు. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను.

"వేసేది అక్కయ్యా" అంది. "మీరు లేచాక తిందామని చూసేదాన్ని. అప్పటికి చచ్చిపోయేది."

నాకేమనాలో తెలీలేదు. తప్పయిపోయిందే అందామని నోటిదాకా వచ్చింది. డెబ్భై ఏళ్ళు వచ్చినా ఆ మాట తోటికోడలితో అనటం ఇంత కష్టమని నాకు తెలీదు. "నేను చూడలేదే" అన్నాను చివరికి.

"పోనిద్దురూ" అంది తను. "ఇంతకీ చిన్నదానికి దీపం వేరే కొన్నారా?"

"కొన్నాం. నా గదిలోనే పెట్టించాను."

"మరి మీకు నిద్ర పట్టొద్దూ!" అంది.

తిరిగి వచ్చేటప్పుడు విమానం వైజాగుకే తీసుకున్నాను. వాళ్ళింట్లో వారం రోజులున్నాను. పొద్దున్నే లేచి నేను కాఫీ కలపబోతే పడనివ్వలేదు. మూడోరోజు గొడవపడి నేనే కలిపి, మొదటి గ్లాసు తనకిచ్చాను. పంచదార తక్కువైందని మళ్ళీ వేసుకుంది.

పోయిన నెల మనవరాలు ఫోటో పంపింది. చిన్నది ఇప్పుడు మూరెడయింది. తోక కొస మొండిగానే ఉంది. రాయి మీద ఒక్కతే, కళ్ళు మూసుకుని, పొట్ట పరుచుకుని దీపం కింద పడుకుంది. దాన్ని తోటికోడలికి పంపించాను.

"ఒళ్ళు చేసింది కదూ అక్కయ్యా" అని రాసింది.